మందు పడకముందే రుచిగా ఉండాలి

ప్రశ్న: మాది సైనిక్‌పురి. ఈ మే నెలలో మా పెళ్లయి పదేళ్లు నిండుతాయి. డాబా మీద 24 మందికి చిన్న పార్టీ అనుకుంటున్నాం. వాళ్లలో సగం మంది తాగరు, పిల్లలు నలుగురు. నిరుడు మావారి పుట్టినరోజుకు ట్రాపికల్ పంచ్ చేశాం. డబ్బా మామిడి జ్యూసు, డబ్బా పైనాపిల్ జ్యూసు, కూల్‌డ్రింకు, ఒక ఫుల్ బాటిల్ రమ్ అన్నీ ఒకే టబ్బులో పోసి ఐసు వేశాం. మొదటి గ్లాసు పాకంలా ఉంది, గంట తిరిగేసరికి నీళ్లయిపోయింది. అంతకన్నా బాధేమిటంటే, మా ఆడపడుచు అది పళ్లరసమే అనుకుని రెండు గ్లాసులు తాగేసింది. శనివారం ఒక్కపొద్దు ఉండే మనిషి, ఆ రోజు శనివారం. తెలిశాక ఏడ్చింది. అప్పట్నుంచి మా ఇంటికి వచ్చినా మంచినీళ్లు తప్ప ఏదీ ముట్టడం లేదు. పంచ్ మానేద్దామంటే మావారికి సరదా. పళ్లతో బాగా చేయడం ఎలా? – ఓ పాఠకురాలు

జవాబు: మానేయకండమ్మా. మీరు చెప్పిన రెండు బాధలకూ మూలం ఒకటే. అన్నీ ఒకే టబ్బులో పోశారు. అందువల్ల రుచి ఎక్కడ చెడిందో మీకు తెలియలేదు, లోపల ఏముందో మీ ఆడపడుచుకు తెలియలేదు. ఈసారి ముందు పళ్లరసం ఒక్కటే చేయండి. మందు చుక్క పడకుండా, పిల్లాడి చేతికిచ్చినా పెద్దావిడ చేతికిచ్చినా ఇంకో గ్లాసు అడిగేలా ఉండాలి. రమ్ సీసా వేరే బల్ల మీద ఉంటుంది, కావాల్సినవాళ్లు కావాల్సినంత కొలిచి పోసుకుంటారు. ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు, మిగతాదంతా వంటపనే. మందు లేకుండా బాగాలేని పంచ్ మందు పోస్తే బాగుపడదు. కాస్త మత్తెక్కాక బాగాలేదని ఎవరూ చెప్పరు, అంతే.

అన్నట్టు, ఈ పంచ్ మనకు పరాయిది కాదు. ఐదు అనే అర్థమున్న మన ‘పంచ’ నుంచే ఆ పేరు వచ్చిందని ఎక్కువమంది చెబుతారు. సారా, నిమ్మరసం, చక్కెర, నీళ్లు, జాజికాయలాంటి మసాలా దినుసు ఒకటి, ఇవీ ఆ ఐదు. ఇంగ్లిషు రాతల్లో ఈ మాట మొదట కనిపించేది 1632లో ఈస్టిండియా కంపెనీ మనిషి ఒకరు రాసిన ఉత్తరంలో. ఆ ఉత్తరం చేరింది ఎక్కడికో తెలుసా? పెటపోలికి, అంటే మన నిజాంపట్నానికి. అక్కడి కంపెనీ వర్తకుడికి రాసిన ఉత్తరం అది. తర్వాత ఓడలెక్కి కరీబియన్ దీవులకు పోయి, సారా స్థానంలో రమ్ చేరి, పైనాపిల్ తోడై ఇప్పుడు మనం ట్రాపికల్ అంటున్న రూపానికి వచ్చింది. అందుకే ఏదో విదేశీ వ్యవహారమని బెదరకండి. పులుసు పెట్టడం వచ్చినవాళ్లకు పంచ్ వస్తుంది. పులుపు, తీపి, ఉప్పు, కారం ఒకదాన్నొకటి పట్టి ఉంచడమే రెండింట్లోనూ పని.

మీ నిరుటి టబ్బులో పులుపే లేదు. డబ్బా జ్యూసుల్లో చక్కెర, కూల్‌డ్రింకులో చక్కెర. చింతపండు లేకుండా బెల్లం వేసి పులుసు కాచినట్టయింది. కరీబియన్‌లో పంచ్‌కు ఒక కొండగుర్తు ఉంది: ఒక పాలు పులుపు, రెండు పాళ్లు తీపి, మూడు పాళ్లు మందు, నాలుగు పాళ్లు నీళ్లలాంటి పలచటిది. మే నెల డాబాకు ఆ మూడు పాళ్లు చాలా ఎక్కువ. నేను చెప్పే కొలతలో మందు ఆరోవంతే. పులుపు మాత్రం తగ్గించకండి.

పళ్ల సంగతి. మీకు సికింద్రాబాద్ మోండా మార్కెట్ అందుబాటులోనే ఉంది కాబట్టి పార్టీకి మూడు రోజుల ముందే వెళ్లండి. మామిడి అనగానే బంగినపల్లి తెచ్చేయకండి. అది కోసుకు తినే పండు, కండ గట్టిది. రసానికి రసాలే కావాలి, చిన్న రసాలైనా పెద్ద రసాలైనా సరే. డజను చాలు. ఒంటికంతా ఒకే పసుపు రంగు ఉండి వాసన లేని కాయలు కార్బైడ్ పెట్టినవేమోనని వదిలేయండి. కొంచెం పచ్చిగా ఉన్నవి తెచ్చి బియ్యం డబ్బాలో పెట్టుకుంటే మూడో రోజుకు ఇల్లంతా వాసనొస్తుంది. మామూలుగా రసం తినేటప్పుడు పిసికినట్టే పిసికి, జల్లెడలో వేసి గరిటెతో రుద్దితే పీచు పైన ఉండిపోయి లీటరు పైచిలుకు గుజ్జు దిగుతుంది.

పైనాపిల్ పెద్దవి మూడు. రంగు చూడకండి, కింది భాగం ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి. తియ్యటి వాసన వస్తే పండినట్టు, పులిసిన వాసన వస్తే దాటిపోయినట్టు. మధ్యలో ఉండే గట్టి బొడ్డును పారేయక్కర్లేదు, అదీ మిక్సీలో వేసి పల్చటి నూలు బట్టలో పిండండి. లీటరున్నర దాకా వస్తుంది. పచ్చి పైనాపిల్ రసంలో పాలుగానీ ఐస్‌క్రీమ్‌గానీ కలపొద్దు. చాలామంది చిక్కదనం కోసం వెనిలా ఐస్‌క్రీమ్ వేస్తారు. పైనాపిల్‌లో ఉండే బ్రొమిలైన్ అనే ఎంజైము పాలలోని ప్రొటీన్లను విరగ్గొడుతుంది. కాసేపటికి చేదొస్తుంది.

చేదంటే బత్తాయి గురించి నా అనుభవం చెప్పాలి. మా పెద్దమ్మాయి ఇంటర్ పాసైనప్పుడు ఇంట్లో ముప్పై మందికి పంచ్ చేశాను. నల్గొండ బత్తాయిలు మంచివి దొరికాయని పొద్దున్నే మూడు డజన్లు పిండి ఫ్రిజ్‌లో పెట్టాను. సాయంత్రం అందరూ వచ్చాక మిగతా రసాల్లో కలిపి రుచి చూస్తే, వేప పుల్ల నమిలినట్టుంది. చక్కెర పోశాను, తీపీ చేదూ కలిసి ఇంకా పాడైంది. తొమ్మిది లీటర్లు సింకులో పోశాను. బత్తాయి రసం ఆగేకొద్దీ చేదెక్కడం దాని గుణం. గింజ నలిగినా, తెల్ల పొర కలిసినా మరీ తొందరగా ఎక్కుతుంది. కాబట్టి మీరు ఇరవై బత్తాయిలు తెచ్చుకోండి కానీ, అతిథులు మెట్లెక్కే వేళకే పిండండి. మిక్సీలో వద్దు, గిన్నె మీద పెట్టి తిప్పే మామూలు పిండే చెక్కతోనే. లీటరూ పావు వస్తుంది.

ఇప్పుడు అసలు రుచంతా దాగి ఉన్న చోటికి వద్దాం. నిమ్మ తొక్క. పాతిక నిమ్మకాయలు కొనండి, పసుపు తిరిగి తొక్క పల్చగా, నున్నగా ఉన్నవి. ముందు రోజు సాయంత్రం ఒక డజను కాయలకు బీరకాయ చెక్కు తీసే పీలరుతో పైపైన తొక్క తీయండి. చెయ్యి బరువు పెట్టొద్దు, తెల్ల పొర వచ్చిందంటే చేదే. తొక్కల్ని వెడల్పాటి స్టీలు గిన్నెలో వేసి, అరకిలో చక్కెర పోసి, పప్పుగుత్తితో మెల్లగా నొక్కుతూ తిప్పండి. దంచడం కాదు, నొక్కడం. ఐదు నిమిషాలకు చక్కెర రంగు కొంచెం మారుతుంది, పది నిమిషాలకు గిన్నె మీద ముఖం పెడితే కళ్లు చెమ్మగిల్లేంత వాసన. మూత పెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున మూత తీసేసరికి పొడి చక్కెర తడి ఇసకలా ముద్దయి ఉంటుంది. తొక్కలోని నూనెంతా చక్కెర పీల్చేసుకుందన్నమాట. పంచ్ తాగినవాళ్లు ‘ఇందులో ఏం వేశావు’ అని అడిగేది ఈ వాసన గురించే. తొక్క తీసిన కాయల్ని పారేయకుండా డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి, రసం మర్నాడు పిండాలి.

ఆ చక్కెరను కరిగించడానికి వట్టి నీళ్లు కాదు, టీ డికాక్షన్ వాడండి. లీటరున్నర నీళ్లు మరిగాక పొయ్యి ఆపి, ఐదు చిన్న చెంచాల టీ పొడి వేసి, మూడే నిమిషాలు మూత పెట్టి వడగట్టండి. ఇరానీ చాయ్‌కి కాచినట్టు గంటలు మరిగిస్తే పంచ్ పాడవుతుంది. వేడిగా ఉండగానే చక్కెర మీద పోసి కలిపి, తొక్కలు వడగట్టేయండి. టీ రుచి ఎవరికీ తెలియదు. ఒక సన్నటి వగరు మాత్రం మిగులుతుంది. పళ్ల తీపి నాలుకకు అతుక్కుపోకుండా చేసేది ఆ వగరే. నిరుడు మీ పంచ్ పాకంలా అనిపించడానికి పులుపు లేకపోవడం ఒక కారణమైతే, వగరు లేకపోవడం రెండోది. మనం ఉగాది పచ్చడిలో ఆరు రుచులూ వెతుక్కుంటాం కదా, మిగతా పూట పళ్లరసం దగ్గరికి వచ్చేసరికి తీపి ఒక్కటే చాలనుకుంటాం.

వంద గ్రాముల అల్లం తురిమి బట్టలో పిండండి. ఆ రసాన్ని పావుగంట కదపకుండా ఉంచితే అడుగున తెల్లటి పిండి పేరుకుంటుంది. పైన తేరినదే వాడుకోండి. ఆరు కొబ్బరిబోండాల నీళ్లు, ఒక చిన్న చెంచా ఉప్పు. ఉప్పు మర్చిపోవద్దు. మామిడి రుచి దాంతోనే లేస్తుంది.

కలపడం ఇలా. చల్లారిన టీ పాకంలో పైనాపిల్ రసం, మామిడి గుజ్జు, అల్లం రసం, ఉప్పు మధ్యాహ్నమే కలిపి ఫ్రిజ్‌లో పెట్టండి. అతిథులు వచ్చే ముందు నిమ్మరసం, బత్తాయి, కొబ్బరినీళ్లు. నిమ్మరసం మొత్తం ఒకేసారి పోయకండి. పాతిక కాయలకు అరలీటరు దాకా వస్తుంది, ముందు ముప్పావు వంతు పోసి రుచి చూడండి. రుచి చూసే పద్ధతి కూడా చెబుతాను. గరిటెతో తీసి నాలుక మీద వేసుకుంటే తప్పు అంచనా వస్తుంది. చల్లగా ఉన్నప్పుడు తీపి తక్కువ తెలుస్తుంది, ఐసు కరిగితే అన్నీ పలచబడతాయి. గ్లాసులో పోసి, రెండు ఐసు ముక్కలు వేసి, ఐదు నిమిషాలు ఆగి అప్పుడు తాగి చూడండి. ఐసు లేకుండా కొంచెం గాఢంగా, కొంచెం ఎక్కువ పులుపుగా ఉన్నదే ఐసుతో సరిగ్గా ఉంటుంది. చివర్లో, బల్ల మీద పెట్టాక, లీటరు చల్లటి సోడా గిన్నె అంచు మీదుగా పోసి ఒక్కసారి తిప్పండి. ముందే పోస్తే బుడగలన్నీ పోతాయి. అన్నీ కలిపితే సుమారు తొమ్మిది లీటర్లు, మనిషికి రెండున్నర గ్లాసులు.

నిరుడు నీళ్లయిపోవడానికి కారణం చిన్న ఐసు ముక్కలు. ముక్క చిన్నదైతే గాలి, రసం తగిలే చోటు ఎక్కువ, తొందరగా కరుగుతుంది. రెండు రోజుల ముందే కాచి చల్లార్చిన నీళ్లను రెండు లీటర్ల స్టీలు గిన్నెలో పోసి ఫ్రీజర్‌లో గడ్డ కట్టించండి. రెండు గడ్డలు చాలు. తీసేటప్పుడు గిన్నె అడుగు కుళాయి కింద పెడితే ఊడి వస్తుంది. బయట చేపల అంగళ్ల కోసం అమ్మే ఐసు దిమ్మలు మాత్రం తేవొద్దు, అవి తాగే నీళ్లతో చేసినవన్న నమ్మకం లేదు. ఇంకో మాట, తొమ్మిది లీటర్లూ ఒకేసారి డాబా మీదికి ఎక్కించకండి. మే నెలలో రాత్రి ఎనిమిదైనా గచ్చు సెగ తగ్గదు, తాజా పళ్లరసం తొందరగా పులుస్తుంది. మూడు లీటర్లు పైన, మిగతాది కింద ఫ్రిజ్‌లో. అయిపోయినప్పుడల్లా నింపుకోండి.

అందంగా ఉంటుందని అత్తగారి కాలం నాటి ఇత్తడి గుండిగ దించే ఆలోచన ఉంటే, దయచేసి వద్దు. కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రల్లో పులుపు పోస్తే లోహం రసంలోకి దిగుతుంది, వాంతులవుతాయి. గుండిగలో చామంతులు వేసి గుమ్మంలో పెట్టుకోండి. పంచ్ గాజు గిన్నెలోనో స్టీలు గిన్నెలోనో ఉండనివ్వండి.

అలంకరణకు డబ్బా లీచీలు, చెర్రీలు ఎందుకు? మేలో రోడ్డు పక్కన ముంజలు దొరుకుతాయి. లేతవి చూసి, పై పొర ఒలిచి, నాలుగు ముక్కలు చేసి ఆఖర్న వేయండి. పసుపు రసంలో అవి గాజు ముక్కల్లా తేలుతుంటే పిల్లలు గిన్నె చుట్టూ చేరతారు. ఈ గిన్నె పిల్లలదీ కాబట్టి మీరు కంగారు పడక్కర్లేదు.

ఇక మందు. ముదురు రమ్ అయితే ఓల్డ్ మాంక్ లాంటిది, పైనాపిల్‌కూ అల్లానికీ చక్కగా కలుస్తుంది. మామిడి వాసనే పైకి తేలాలంటే తెల్ల రమ్. నా ఓటు ముదురు రమ్‌కే. మన దగ్గర అమ్మే రమ్ సాధారణంగా 42.8 శాతం ఆల్కహాలు. 150 మి.లీ. పంచ్‌లో 30 మి.లీ. పెగ్గు ఒకటి పోస్తే గ్లాసు మొత్తం మీద 7 శాతం, అంటే స్ట్రాంగ్ బీరు దరిదాపుల్లో. అంతకు మించొద్దు. పళ్లరసంలో మందు ఘాటు తెలియదు, చల్లగా దిగిపోతుంది, తాగినవాళ్లకు లేవబోయేదాకా అర్థం కాదు. తాగేవాళ్లు పన్నెండు మంది అనుకుంటే, మూడు గ్లాసుల చొప్పున 1,080 మి.లీ. ఒక ఫుల్, ఒక హాఫ్ సరిపోతాయి. మూడో సీసా ఇంట్లో ఉంచుకోకండి.

రమ్ ముందే కలిపి రెండు గంటలు ఊరనిస్తే రుచి ఇంకా గుండ్రంగా వస్తుందని తెలిసినవాళ్లు చెబుతారు, నిజమే. అందరూ తాగేవాళ్లే అయిన ఇంట్లో అలాగే చేయమనేదాన్ని. మీ ఇంట్లో జరిగినదాన్ని బట్టి మాత్రం ఆ రుచిని వదులుకోమనే చెబుతాను. రమ్ బల్ల డాబాకు అవతలి మూల ఉండాలి. దాని దగ్గర మీవారే నిలబడి పెగ్గు గ్లాసుతో కొలిచి పోయాలి. సరదా ఆయనది కదా, ఆ పని కూడా ఆయనదే. మందు పోసిన గ్లాసులు వేరే రకంవి పెట్టండి. మామూలు పంచ్‌కు స్టీలు గ్లాసులు, రమ్ బల్ల మీద గాజువి. ఎవరి చేతిలో ఏముందో పది అడుగుల దూరం నుంచి తెలియాలి. కాలేజీ చదివే తమ్ముళ్లూ మరుదులూ వస్తే, తెలంగాణలో 21 నిండనివాళ్లకు మందు ఇవ్వకూడదని మీవారికి ముందే చెప్పి ఉంచండి. షుగరుకు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లుంటే రమ్ సంగతి అటుంచి, ఈ పంచ్ కూడా తీపిదే. వాళ్లకు ఉప్పు నిమ్మకాయ సోడా విడిగా కలిపివ్వండి.

తిండి ముందు రావాలి, గ్లాసు తర్వాత. ఖాళీ కడుపున మందు తొందరగా ఎక్కుతుంది. కీమా కూరి వేయించే మన హైదరాబాదీ లుఖ్మీలు వేడిగా తెప్పిస్తే ఈ పులుపుకు బాగా సరిపోతాయి.

బండి తాళాలు కూడా అడగాల్సింది మీరే. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. ఆల్కహాలు దాటితే నేరం. మొదటిసారికే పదివేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. మనం కొలిచిన గ్లాసులు రెండు తాగినా ఆ హద్దు దాటే వీలుంది. పిలిచేటప్పుడే ‘క్యాబ్‌లో రండి’ అని చెప్పేస్తే వెళ్లేటప్పుడు గుమ్మంలో వాదన ఉండదు.

మీ ఆడపడుచు గురించి ఆఖర్న రాస్తున్నాను కానీ, మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్నది ఆవిడే. పార్టీ శనివారం పెట్టకండి, ఆదివారానికి మార్చండి. ఆవిడను అందరితోపాటు సాయంత్రం కాదు, ముందు రోజే పిలవండి. ‘నిరుడు తప్పు మాదే వదినా, చెప్పకుండా పెట్టాం’ అని మీవారి ఎదుటే అనండి, మీవారి చేత కూడా అనిపించండి. తర్వాత నిమ్మకాయలూ పీలరూ ఆవిడ చేతికివ్వండి. తొక్క తీయడం, చక్కెర నొక్కడం, మర్నాడు రసాలు కలపడం అన్నీ ఆవిడ చూస్తుండగా, ఆవిడ చేతుల మీదుగా జరగనివ్వండి. ఉప్పు, పులుపు సరిపోయాయో లేదో ఆవిడనే చూడమనండి. వద్దంటే బలవంతం చేయకండి, గ్లాసు పక్కన పెట్టి మీ పని మీరు చేసుకుంటూ ఉండండి.